లోపలి లైనింగ్ ఒకటే

ఐదు లక్షల డెబ్భై వేలు.
చీటీ పాడింది,
మిషను మీద నడుం వంచి కూడబెట్టింది,
దావీదు జీతంలోంచి నెలనెలా లాక్కున్నది
అంతా కలిపి.
అంతే గుడ్డ.
ఇందులోనే చేతులు రావాలి, మెడపట్టీ రావాలి,
ఇన్సూరెన్సూ రిజిస్ట్రేషనూ కూడా రావాలి.

పందొమ్మిదేళ్లుగా దావీదు
ఇంకొకళ్ల కార్లు తోలుతున్నాడు.
మొగల్రాజపురం డాక్టరు గారికి రెండు జర్మనీ బళ్లు.
వాటి తలుపు ఎలా పడుతుందో
అన్నం తింటూ నోటితో చేసి చూపించేవాడు.
"మామూలు కారు టంగ్ అంటది రాహేలూ,
ఇది థబ్."
ఆ థబ్ కోసమే ఇదంతా.
నాకు అప్పటిదాకా తెలిసిన జర్మనీ
బెంజ్ సర్కిల్ ఒక్కటే,
అదీ సిటీబస్సు కిటికీలోంచి.

రెండు షోరూములు తిరిగాం.
పోలో ముందు నిలబడి దావీదు
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక
జేబులో పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.
ఫాబియా చెక్ దేశంలో పుట్టి
జర్మనీ ఇంటికి దత్తత వెళ్లిందట.
నేను బానెట్ల జోలికి పోలేదు.
వంగి, సీటు వెనక కుట్టు చూశాను.
అంగుళానికి ఎన్ని పడ్డాయో గోటితో లెక్కపెడుతుంటే
సేల్సు కుర్రాడు మైలేజీ చెప్పడం ఆపేశాడు.

అసలు సంగతి ఆటోనగర్‌లో ఖాజా భాయ్ చెప్పాడు,
కిరసనాయిలు గుడ్డతో గ్రీజు తుడుచుకుంటూ:
"రెండింట్లోనూ ఇంజను ఒకటేనమ్మా.
మూడు సిలిండర్లు. నిలబడ్డప్పుడు కాస్త వణుకుద్ది.
సామాను మాత్రం ఖరీదు.
హెడ్‌లైటు పగిలితే, మంచినీళ్లు తాగి
అప్పుడు ధర అడుగు."

ఓహో, అనుకున్నా.
లోపలి లైనింగ్ ఒకటే, పైగుడ్డే వేరు.
ఆ మాట పైకి అన్నందుకు
దావీదు రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

మూడో రాత్రి పదకొండింటికి
టేపు తీసుకుని సందులోకి దిగాను.
చిట్టినగర్ సొరంగానికి ఇవతల మా సందు,
కొండ మెట్లు మొదలయ్యే చోట మరీ బిగుతు.
ఒకవైపు సూరమ్మత్త అరుగు, ఇంకోవైపు కరెంటు స్తంభం.
అరుగు మీది మంచంలోంచే లేచి
టేపు కొస పట్టుకుంది సూరమ్మత్త.
"ఎవరికే జాకెట్టు?"
"సందుకి."

పోలో నాలుగు సెంటీమీటర్లు వెడల్పు ఎక్కువ.
నాలుగు సెంటీమీటర్లలో ఏముందంటారు.
చంక దగ్గర పిగిలిన జాకెట్టు ఉంది,
ఫోటోల్లో ఊపిరి బిగబట్టిన పెళ్లికూతురుంది,
తిరిగి ఇచ్చేసిన కుట్టుకూలి ఉంది.
ఏ బట్టకైనా లోపల కాస్త వదిలే కుడతాను,
రేపు ఒళ్లొస్తే విప్పుకోవాలిగా.
సందుకి ఒళ్లు రాదు, నిజమే.
కానీ వేసవి రాగానే దాని మీదికి మంచాలొస్తాయి.

పాత బిల్లు వెనక గీసి చూపించాను.
చాలాసేపు చూసి ఒక్కటే అడిగాడు:
"దాని తలుపు ఎలా పడతది?"
మర్నాడు వెళ్లి పదకొండుసార్లు వేసి చూశాడు.
ఆఖరిసారి కళ్లు మూసుకుని వేశాడు.
"థబ్బే," అన్నాడు. "కొంచెం పల్చటి థబ్."

తెలుపు రంగు. వెనక అద్దాలు చేత్తో తిప్పుకోవాలి.
పాటల పెట్టె లేదు.
గుడ్డ చాల్లేదు.

తాళాలు ఇచ్చి ఫోటో తీశారు.
దావీదు గబగబా చుట్టూ తిరిగొచ్చి
వెనక తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు,
తల కొంచెం వంచి.
తర్వాత తనకే తెలిసింది.
ఇద్దరం కాసేపు
ఆ ఖాళీ సీటు వంక చూస్తూ ఉండిపోయాం.
ఆ తలుపు నేనే వేశాను,
గట్టిగా కాదు.

సందు మలుపులో మాత్రం
అద్దాలు మడవక తప్పలేదు.
సూరమ్మత్త మంచం నిలువునా ఎత్తి పట్టుకుని
"రానీ, రానీ" అంటోంది.